సైటేషన్లకు అందని సుబ్బారావు

వైద్య కళాశాలలో మొదటి సంవత్సరం బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసిన వారికి ఒక నీలం రంగు గుర్తుండే ఉంటుంది. ప్రోటీన్లు తొలగించిన సీరంలో ముందు ఆమ్లం కలిపిన అమోనియం మాలిబ్డేట్ పోస్తారు. ఆ తర్వాత కొద్దిగా ఎమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం. నీళ్లలా ఉన్న ద్రవం చూస్తుండగానే నీలంగా మారుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కబడుతుంది. ఎంత ఫాస్ఫరస్ ఉందో ముందే తెలిసిన మరో గొట్టంలోని నీలంతో దాన్ని పోల్చి, రోగి రక్తంలో ఎంతుందో లెక్క కడతారు. విద్యార్థులు రికార్డు పుస్తకంలో దీన్ని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని రాసుకుంటారు. ఆ రెండో పేరు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన రాసిన ఆ పత్రం 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో అచ్చయింది. మొత్తం 26 పేజీలు. ఈ వందేళ్లలో వేలాదిమంది పరిశోధకులు తమ పత్రాల్లో దాన్ని ప్రస్తావించారు. ఇలా ఒకరి పత్రాన్ని మరొకరు తమ పత్రంలో పేర్కొనడాన్నే సైటేషన్ అంటున్నాం. సుబ్బారావు పేరున్న పత్రాలన్నిటిలోకీ ఎక్కువ సైటేషన్లు వచ్చింది దీనికే.

మరి ఆయన చేసిన పనుల్లో అన్నిటికంటే గొప్పది ఇదేనా? ఆయన గురించి కాస్త తెలిసిన వారెవరూ అవునని అనరు. కండరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందో తేల్చిన పరిశోధనలో ఆయన చేయి ఉంది. గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసే దారి కనిపెట్టిన బృందం ఆయనది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌ను మొదటిసారి వెనక్కి నెట్టిన మందు, బోదకాలు వ్యాధికి నేటికీ వాడుతున్న మందు ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చాయి. సైటేషన్ల లెక్కలో మాత్రం ఇవన్నీ ఆ నీలం రంగు వెనకే నిలబడతాయి. కొన్ని అసలు లెక్కలోకే రావు. పత్రాలు రాసేవాళ్లలో ఎంతమంది ఒక పత్రాన్ని వాడుకున్నారో సైటేషన్ల సంఖ్య చెబుతుంది. అంతకు మించి చెప్పదు. ఆ పని ఎంత కొత్తది, ఎంత లోతైనది, మనిషికి ఎంత మేలు చేసింది అని దాన్ని అడిగితే తప్పుడు జవాబే వస్తుంది. అలాంటి సంఖ్యను చేతబట్టుకుని విశ్వవిద్యాలయాలు నియామకాలు, పదోన్నతులు తేల్చడం అన్యాయమని నా వాదన. సుబ్బారావు పత్రాలనే అందుకు సాక్ష్యంగా చూపిస్తాను.

ముందు ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో ఈ ఆలోచన ప్రతిపాదించారు. 1960ల్లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ మొదటి సంపుటాలు తెచ్చారు. పాత తీర్పును ఆ తర్వాత ఏ కోర్టు ఎక్కడ ప్రస్తావించిందో వెతుక్కోవడానికి అక్కడి న్యాయవాదులు వాడే షెపర్డ్స్ సైటేషన్స్ ఆయనకు స్ఫూర్తి. ఒక పత్రం చేతిలో ఉంటే దాన్ని వాడుకున్న తర్వాతి పత్రాలన్నీ తీగ లాగితే డొంక కదిలినట్టు బయటికి రావాలి, అదే ఆయన ఉద్దేశం. అంటే ఇది గ్రంథాలయంలో వెతుకులాటకు పుట్టిన పనిముట్టు. మనుషులకు మార్కులు వేసే పని దానికి తర్వాత అంటగట్టారు. హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన హెచ్–ఇండెక్స్ ఆ పనిని మరీ సులువు చేసింది. కనీసం 20 సైటేషన్ల చొప్పున వచ్చిన పత్రాలు 20 ఉంటే హెచ్–ఇండెక్స్ 20. ప్రపంచాన్ని మార్చిన పత్రం ఒక్కటే రాసి ఊరుకున్న మనిషికి, దానికి ఎన్ని వేల సైటేషన్లు వచ్చినా హెచ్–ఇండెక్స్ ఒకటి దాటదు.

2014లో నేచర్ పత్రిక అత్యధిక సైటేషన్లు వచ్చిన వంద పత్రాల జాబితా వేసింది. అందులో చోటు దొరకాలంటే 12,119 సైటేషన్లు ఉండాలి. మొదటి స్థానం ప్రోటీన్‌ను కొలిచే పద్ధతి చెప్పిన ఆలివర్ లౌరీ బృందం 1951 పత్రానిది. దానికి అప్పటికే మూడు లక్షలకు పైగా సైటేషన్లు ఉన్నాయి. తన పనుల్లో ఇది గొప్పది కాదని లౌరీయే ఒప్పుకున్నారు. రెండు, మూడు స్థానాల్లో ఉన్నవీ ప్రోటీన్లను వేరు చేసే, కొలిచే పద్ధతులే. డీఎన్ఏ జంట మెలికను ప్రకటించిన వాట్సన్, క్రిక్‌ల 1953 పత్రం ఆ వందలో లేదు. కారణం ఊహించలేనిదేమీ కాదు. కొలిచే పద్ధతిని వాడిన ప్రతివాడూ తన పత్రంలో పద్ధతుల భాగంలో దాన్ని పేర్కొనాలి. డీఎన్ఏ జంట మెలికలా ఉంటుందని చెప్పడానికి ఇప్పుడు ఎవరూ ఆధారం చూపించనక్కర్లేదు. అందరికీ తెలిసిపోయిన సత్యానికి సైటేషన్లు ఆగిపోతాయి. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ దీన్ని ఎప్పుడో గుర్తించారు. ఒక ఆవిష్కరణ శాస్త్రంలో ఎంత పూర్తిగా కలిసిపోతే దాన్ని చేసినవారి పేరు అంతగా చెరిగిపోతుంది. గెలిచిన కొద్దీ సంఖ్య తగ్గే కొలబద్ద ఇది.

సుబ్బారావు విషయంలో ఇది ఎలా జరిగిందో దగ్గరగా చూడాలి. ఎందుకంటే పద్ధతికీ ఆవిష్కరణకూ మధ్య ముడి ఆయన పనిలో ఒక్క గొట్టంలోనే కనిపిస్తుంది. కండరం నుంచి తీసిన ద్రవంలో ఫాస్ఫరస్ కొలుస్తుంటే నీలం రావలసినంత వేగంగా రావడం లేదు. మామూలు ఫాస్ఫేట్ అయితే వెంటనే రంగు రావాలి. ఇక్కడ కొంత వెంటనే వచ్చి, మిగతాది నెమ్మదిగా పెరుగుతోంది. మరొకరైతే రసాయనం పాడైందనుకుని పారబోసి మళ్లీ మొదలుపెట్టేవారు. ఫిస్కే, సుబ్బారావు ఆ ఆలస్యం వెంటపడ్డారు. కండరంలో ఫాస్ఫరస్ మరో పదార్థంతో వదులుగా కట్టుబడి ఉందనీ, ఆమ్లం తగిలితే ఆ కట్టు విడిపోతోందనీ, అందుకే రంగు ఆలస్యంగా వస్తోందనీ తేల్చారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో సైన్స్‌లో ప్రకటించారు. అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా ఆ పదార్థం జాడ పట్టుకున్నారు. కండరం పనిచేయడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం తయారవడం నుంచే వస్తుందన్న సిద్ధాంతం అప్పటికి రాజ్యమేలుతోంది. ఆ పరిశోధనకు హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ కూడా వచ్చింది. ఆ సిద్ధాంతం పునాది ఈ ఆవిష్కరణతో కదిలింది. 1929 అక్టోబరులో అదే సైన్స్‌లో ఫిస్కే, సుబ్బారావు ఏటీపీ గురించి రాశారు. కొద్ది నెలల ముందే జర్మనీలో కార్ల్ లోమాన్ దాన్ని ప్రకటించారు. ఇంటర్మీడియట్ బైపీసీ పిల్లలకు ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే నాణెం. దాని మీద ఏటా వేల పత్రాలు వస్తాయి. వాటిలో ఏ ఒక్కటైనా 1929 నాటి పత్రాన్ని పేర్కొంటే ఆశ్చర్యపోవాలి. పద్ధతికి సైటేషన్లు, ఆ పద్ధతి బయటపెట్టిన సత్యానికి మౌనం.

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలకు వెళ్లారు. అక్కడ పరిశోధనకు నాయకత్వం వహించారు. సైటేషన్ల లెక్క ఇక్కడ పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిన సంగతి 1945లో సైన్స్‌లో వచ్చింది. రచయితలు 16 మంది. మొదటి ఎనిమిది పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉన్నాయి కనుక సుబ్బారావు ఏడోవారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇద్దరికి మించి రచయితలుంటే మొదటి లేదా ప్రధాన రచయితకు పత్రం విలువలో 70 శాతం, మిగిలినవారిలో ఒక్కొక్కరికి 30 శాతం. అక్షరక్రమంలో ఏడో స్థానంలో ఉన్న పేరు చూసి ఏ కమిటీ ఎంత విలువ కడుతుందో చెప్పనవసరం లేదు. ఏటా స్టాన్‌ఫర్డ్ పేరుతో వెలువడే మేటి రెండు శాతం శాస్త్రవేత్తల జాబితా వాడే ఆరు కొలతల్లో మూడు, ఒంటరి, మొదటి, చివరి రచయితగా వచ్చిన సైటేషన్లకు పట్టం కడతాయి. మధ్యలో ఉన్న పేరుకు వాటిలో ఏమీ దక్కదు. ఇక ఫోలిక్ యాసిడ్‌ను అనుకరిస్తూ దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ తయారీని ప్రకటించిన 1947 పత్రంలో ముగ్గురు రచయితలున్నారు. సుబ్బారావు లేరు. ఆ మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. క్యాన్సర్‌కు మందులతో చికిత్స చేసే శాస్త్రానికి అది పునాది రాళ్లలో ఒకటి. ఆ రచయితల్లోనూ సుబ్బారావు లేరు. రెండు నెలలకే, ఆగస్టులో, 53 ఏళ్లకు ఆయన కన్నుమూశారు.

పేర్లు ఎగరగొట్టారని నేను అనడం లేదు. బల్ల దగ్గర నిలబడి అమినోప్టెరిన్‌ను తయారుచేసిన రసాయన శాస్త్రవేత్తల పేర్లు ఆ పత్రం మీద ఉండటమే న్యాయం. ఏం వెతకాలో నిర్ణయించినవారు, అందుకు మనుషులను కూర్చినవారు, ఈ అణువును ఇలా మారిస్తే క్యాన్సర్ కణం ఆకలితో మాడుతుందేమో చూడండని పురమాయించినవారు రచయితల వరుసలో పట్టరు. శాస్త్రంలో ఎంతో పెద్ద పని అక్కడే జరుగుతుంది. ఆ పనికి సైటేషన్ లేదు. దాన్ని తెలుసుకోవాలంటే పత్రాలు చదవాలి, పక్కన పనిచేసినవారిని అడగాలి, కాలక్రమం పేర్చుకోవాలి. జీవితచరిత్ర రాసినవారు చేసింది ఆ పనే. సుబ్బారావు సోదరులిద్దరిని స్ప్రూ అనే జబ్బు తీసుకుపోయింది. ఫోలిక్ యాసిడ్ తర్వాతి కాలంలో అదే జబ్బుకు మందయింది. ఏ ఇండెక్స్‌లోనూ ఈ దారం దొరకదు.

బోదకాలు మందు సంగతి మరీ ముఖ్యం. డైఇథైల్‌కార్బమజైన్, లెడర్లే పెట్టిన పేరు హెట్రజాన్, మనం డీఈసీ అంటున్నాం. 1947లో దీని మీద వచ్చిన మొదటి పత్రాల్లో సుబ్బారావు పేరు ఉంది. సైటేషన్లలో అది ఆ నీలం పద్ధతికి దరిదాపుల్లో కూడా లేదు. ఉండదు కూడా. బోదకాలు మీద పరిశోధించేవారు ప్రపంచంలో కొద్దిమందే. ఆ జబ్బు బీదవాళ్లది, వేడి దేశాలది. సైటేషన్ రావాలంటే అదే విషయం మీద రాసే మరో పరిశోధకుడు ఉండాలి. మందు మింగి కాలు వాయకుండా బతికినవాడు పత్రం రాయడు. కోస్తా జిల్లాల్లో, తెలంగాణ జిల్లాల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, అన్నం తిన్నారా అని అడిగి, ఆల్బెండజోల్‌తో కలిపి ఎదురుగా మింగించే మాత్ర ఇదే. గర్భిణికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, రోజుకొకటి చొప్పున 180 రోజులు. అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ, సొరియాసిస్‌కూ వాడుతున్నారు. మోతాదు మారుతుంది, మందు అదే. ఈ మూడు మాత్రలు మింగినవాళ్ల సంఖ్య ఎంత పెద్దదైనా సైటేషన్ డేటాబేస్ దృష్టిలో సున్నా.

ఇది పాత కథ అయిపోయి ఉంటే ఇంత బాధపడేవాణ్ని కాదు. ఈ లెక్క ఇప్పుడు పరిశోధన దిశనే మారుస్తోంది. సంఖ్య మీద పదోన్నతి ఆధారపడినప్పుడు యువ పరిశోధకుడు సంఖ్య వచ్చే చోటికే వెళ్తాడు. అతన్ని తప్పుపట్టలేం, ఇల్లు గడవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తేల్చాలంటే ఏళ్ల తరబడి ఊళ్లు తిరగాలి, నీళ్లూ మట్టీ రక్తమూ పరీక్షించాలి. చివరికి వచ్చే పత్రాన్ని పేర్కొనేవారు ప్రపంచంలో కొద్దిమందే ఉంటారు. అదే కాలంలో పడక కుర్చీలోంచి కదలకుండా ఇతరుల పత్రాలను కలిపి సమీక్షా వ్యాసాలు రాస్తే సైటేషన్లు బాగా వస్తాయి. ఇంతకంటే హీనమైన దారులూ ఉన్నాయి. ఒకరినొకరు పేర్కొనే ఒప్పందాలు, డబ్బు కడితే పత్రం రాసిచ్చే దుకాణాలు, సమీక్ష పేరుకే ఉన్న జర్నళ్లు. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఒక సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పు చెప్పింది. సరైన సమీక్ష లేకుండా పత్రాలు వేసుకుని డబ్బు వసూలు చేశారన్నది అభియోగం. ఆ వ్యాపారం ఎందుకు నడిచింది? పత్రాలను లెక్కపెట్టేవాళ్లే కానీ చదివేవాళ్లు లేనందుకు.

దీనికి ఎదురువాదం బలమైనదే. సంఖ్య తీసేస్తే ఏం మిగులుతుంది? సిఫారసు మిగులుతుంది. కులం, ప్రాంతం, గురువుగారి దయ, సెలక్షన్ కమిటీలో తెలిసిన ముఖం, ఇవన్నీ తలుపు తీసుకుని లోపలికి వస్తాయి. చిన్న ఊళ్లోని కాలేజీలో పనిచేసే, వెనక ఎవరూ లేని పరిశోధకురాలికి ఆ సంఖ్యే దిక్కు. ఆమెకు అన్యాయం జరిగితే కోర్టులో చూపించుకోవడానికి అదొక్కటే ఆధారం. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. సుబ్బారావు జీవితమే ఆ వైపు సాక్ష్యం పలుకుతుంది. హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత స్థానం నిరాకరించింది ఏ ఇండెక్సూ కాదు, మనుషులే. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే వెలుగులోకి రానివ్వలేదనీ, వాటిని ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందనీ ఆయన సహచరుడు జార్జ్ హిచింగ్స్ చెప్పారు. హిచింగ్స్ తర్వాత నోబెల్ అందుకున్న మనిషి. మనుషుల తీర్పు ఇలా ఉంటుందని తెలిసీ దాన్నే నమ్మమంటున్నానా?

అవును, నమ్మమనే అంటున్నాను, కానీ చీకట్లో చెప్పే తీర్పును కాదు. సిఫారసుకు విరుగుడు అంకె అనుకోవడంలోనే పొరపాటుంది. పలుకుబడి ఉన్నవాళ్లు అంకెను కూడా సంపాదించుకోగలరు. పెద్ద ప్రయోగశాల అధిపతి పేరు శిష్యులందరి పత్రాల మీదా ఉంటుంది. చిన్న కాలేజీలోని ఆమెకు ఆ వసతి లేదు. ఆమెకు నిజంగా రక్షణ ఇచ్చేది ఆమె పత్రాన్ని ఎవరో చదివారన్న రుజువు, చదివి ఏమనుకున్నారో రాతలో ఉన్న కారణం. ఆ కారణం తప్పైతే దాన్ని ప్రశ్నించవచ్చు. సంఖ్యకు కారణం ఉండదు కనుక దానితో వాదించలేం. సైటేషన్లను పూర్తిగా పారేయమని కూడా నేను అనడం లేదు. ఒక పత్రానికి అనుకోకుండా వందల సైటేషన్లు వస్తే అది ఎందుకో చూడమనే సూచన. సాక్షిగా దాన్ని పిలవండి, న్యాయమూర్తి కుర్చీలో మాత్రం కూర్చోబెట్టకండి.

సుబ్బారావు లాంటివారు నూటికో కోటికో ఒక్కరు, అలాంటి ఒక్కరిని చూసి నిబంధనలు రాయలేమని కొందరంటారు. ఆయన ప్రతిభ అరుదే, లెక్క తప్పిన తీరు మాత్రం అరుదు కాదు. పద్ధతికి సైటేషన్ ఎక్కువ, సత్యానికి తక్కువ, బీదల జబ్బుకు ఇంకా తక్కువ, బృందాన్ని నడిపినవారికి లేదు. ఈ నాలుగూ రోజూ ప్రతి ప్రయోగశాలలో జరిగేవే. నిమ్స్‌లోనో కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనో పనిచేసే సాధారణ వైద్య పరిశోధకుడికి కూడా అవే వర్తిస్తాయి. మహా మేధావికి జరిగిన పొరపాటును చరిత్ర కొంతైనా దిద్దుతుంది. మామూలు మంచి పరిశోధకుడికి దిద్దేవారు ఉండరు.

మిగిలింది తీరిక ప్రశ్న. వందల దరఖాస్తులు వస్తే అన్ని పత్రాలు ఎవరు చదువుతారు? అన్నీ చదవక్కర్లేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2015 నుంచి నిధులడిగేవారిని తమ ముఖ్యమైన కృషిని ఐదింటికి మించకుండా చెప్పి, దాని నేపథ్యమూ ఫలితమూ వివరించమంటున్నాయి. జర్నల్ పేరు చూసి, ఆ జర్నల్ పత్రాలకు సగటున వచ్చే సైటేషన్ల లెక్క అయిన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి మనిషిని కొలవబోమని వేలాది సంస్థలు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన దగ్గర ఇంకా తేలిక. దరఖాస్తులో సైటేషన్ల గడి ఉండనివ్వండి. దాని కింద మూడు పత్రాలు మాత్రమే జతచేయమనండి. పత్రం కాకపోయినా ఫర్వాలేదు, వ్యాధి మీద ఊళ్లో చేసిన సర్వే కావచ్చు, వాడుకలోకి వచ్చిన పరీక్ష కావచ్చు, పేటెంటు కావచ్చు. ప్రతి పనిలో తన చేయి ఎక్కడుందో అభ్యర్థి తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒక పేజీ రాయాలి. తుది జాబితాకు చేరిన పది మందివి కలిపితే ముప్పై పత్రాలు, ముగ్గురు సభ్యులకు తలా పది. చదివిన సభ్యుడు ఒక పేరా అభిప్రాయం రాసి కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాలి. ఎంపిక పూర్తయ్యాక ఆ కాగితాలను అభ్యర్థులందరికీ చూపించాలి.